పదిహేడో అధ్యాయం ఆవిడ

మా గ్రూపులో ఎవరినీ పేరుతో పిలవం. ఎవరు ఏ అధ్యాయం చదువుతారో అదే వాళ్ళ పేరు. "నాలుగో అధ్యాయం వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందట", "ముప్పై మూడుకి జ్వరం, ఈ వారం ఎవరు చదువుతారు?" అని మాట్లాడుకుంటాం. బయటివాళ్ళు వింటే జైల్లో ఖైదీల గురించి అనుకుంటారని మా ఆయన ఎగతాళి చేస్తారు. అనుకోనీ. నలభై ఇళ్ళను ఒక్క దారిలో నడిపించాలంటే పేర్లకంటే అంకెలే నయమని కేంద్ర ప్రభుత్వంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్న నాకు బాగా తెలుసు.

పద్ధతి ఇదీ. మేమంతా కొలిచే స్వామి చరిత్రలో నలభై అధ్యాయాలున్నాయి. ఒక్కరే పారాయణ చెయ్యాలంటే వారం పడుతుంది. అదీ ఒంటిపూట భోజనం, చాప మీద పడక లాంటి నియమాలతో. పొద్దున్నే తొమ్మిదింటికి ఆఫీసులో వేలిముద్ర వెయ్యాల్సిన వాళ్ళకి అది జరిగే పని కాదు. అందుకని పంచుకున్నాం. ద్వారకలో కొందరు, నోయిడాలో కొందరు, ఫరీదాబాద్, గుడ్‌గావ్, కరోల్ బాగ్, మొత్తం నలభై తెలుగిళ్ళు. ప్రతి గురువారం ఎవరింట్లో వాళ్ళు దీపం పెట్టుకుని తమ అధ్యాయం పైకి చదువుతారు. సాయంత్రం ఎనిమిది లోపల గ్రూపులో "అయింది" అని రాస్తారు, మా గ్రూపులో తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. నలభై "అయింది"లు పడితే ఆ రోజు ఢిల్లీలో చరిత్ర మొత్తం చదివినట్టు. ఆ ఫలితం ఆ వారం ఎవరి కష్టం కోసం సంకల్పం చెప్పుకున్నామో వాళ్ళ ఇంటికి వెళ్తుంది.

ఇదంతా నడిపేది నేను. నాకెవరూ అప్పజెప్పలేదు. నేనే తీసుకున్నాను. తీసుకున్నాక సరిగా చెయ్యకపోవడం నాకు చేతకాదు. ఏడింటికి ఒక గుర్తుచేసే సందేశం, ఏడున్నరకి ఇంకొకటి, ఎనిమిది దాటితే ఆ అధ్యాయం నేనే చదివి ఎదురుగా గుర్తు పెట్టేస్తాను. నియమాలు కూడా నేనే రాశాను. చదివేది ఇంట్లో, దీపం ముందు మాత్రమే. నాలుగో అధ్యాయం అమ్మాయి మెట్రోలో నిలబడి ఫోన్‌లో చదివేస్తోందని తెలిసి రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. రెండో నియమం, నోటికి వచ్చినా సరే పుస్తకం చూసే చదవాలి, అందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తియ్యకూడదు. మా ఆయన అనేవారు, "స్వామి ఒక్క గురువారం ఆలస్యంగా వస్తే ఆయనకీ మెమో ఇచ్చేట్టున్నావు." ఇస్తాను కూడా.

పదిహేడో అధ్యాయం ఆవిడది ఓల్డ్ రాజిందర్ నగర్. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. భర్త పోయారు. పై రెండు అంతస్తులూ సివిల్స్‌కి చదివే తెలుగు పిల్లలకు అద్దెకిచ్చి కింద ఒక్కతే ఉంటుంది. గ్రూపు పెట్టిన రోజు ఎవరికి ఏ అధ్యాయం కావాలో చెప్పమంటే అందరూ "ఏదైనా ఫర్వాలేదు మేడమ్" అన్నారు, మనసులో చిన్నది రావాలని కోరుకుంటూ. ఆవిడ ఒక్కతే వెంటనే "నాకు పదిహేడు" అంది. స్వామి ఒక కుమ్మరి ఇంటి ముందు నిలబడి ఆకలేస్తోందని అడిగే అధ్యాయం అది. పదకొండు పేజీలు. మూడేళ్ళలో ఒక్క వారం కూడా ఆవిడకు నేను గుర్తు చెయ్యాల్సి రాలేదు. అలాంటి మనుషులు నలుగురుంటే చాలు, దేశం బాగుపడుతుందని అనుకునేదాన్ని.

గొడవ ఇరవై తొమ్మిదో అధ్యాయంతో మొదలైంది. అది పందొమ్మిది పేజీలు. ఆరోది మూడే పేజీలు. ఇరవై తొమ్మిది చదివే గుడ్‌గావ్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒకరోజు గ్రూపులోనే పెట్టింది: "మేడమ్, ఆరో అధ్యాయం అంకుల్‌కీ నాకూ పుణ్యం సమానమేనా?" ఆరో అధ్యాయం అంకుల్ అలిగారు. నలుగురు ఆ అమ్మాయి పక్షం, ముగ్గురు అంకుల్ పక్షం. స్వామి చరిత్ర కాస్తా యూనియన్ మీటింగు అయింది.

ఆఫీసులో ఇలాంటివి ఎన్ని చూడలేదు! నాకు తెలిసిన మందే వేశాను. వచ్చే వారం నుంచి ప్రతివారూ ఒక్కో అధ్యాయం ముందుకు జరుగుతారు. ఒకటి చదివేవాళ్ళు రెండు, రెండు చదివేవాళ్ళు మూడు. నలభై వారాల్లో అందరూ అన్నీ చదివినట్టవుతుంది. బదిలీలు అందరికీ అయితే ఎవరూ ఏడవరు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి మెచ్చుకున్నారు. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది.

ఫోన్ చేసింది ఆవిడ ఒక్కతే.

"మేడమ్‌గారూ, నాకు పదిహేడే ఉంచెయ్యండి. మిగతావాళ్ళని జరుపుకోండి."

"ఎందుకండీ?"

"ఏం లేదు, అలవాటైపోయింది."

"అలవాటుకి రూలు మార్చలేం కదా. మీకొక్కరికి ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. అందరికీ ఒకటే."

 "అచ్ఛా. ఠీక్ హై" అని పెట్టేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను ఆ రోజు ఆవిడకు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వేస్తే బాగుండేదని ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు నాకు ఆ తీరిక లేదు, ఆ ఆలోచనా లేదు.

ఆ తర్వాత కూడా ప్రతి గురువారం ఆవిడ "అయింది" టంచనుగా వచ్చింది. చూశారా, అలవాటు మార్చుకోవడం ఎంతసేపని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ మార్పు మొదలైన ఐదో వారం మా ఆయనకు బైపాస్ పడింది. మెట్లెక్కుతుంటే ఆయాసమని తీసుకెళ్తే మూడు చోట్ల మూసుకుపోయాయన్నారు, గురువారం పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. మూడేళ్ళుగా అందరి ఇళ్ళ కోసం సంకల్పం రాసిన నేను మొదటిసారి నా ఇంటి కోసం రాశాను.  మిగతా ముప్పై తొమ్మిది మందీ "మేమున్నాం మేడమ్" అన్నారు. ఆ మాటకి ఎంత బలముంటుందో అంతకుముందు నాకు తెలియదు.

ఒకటో అధ్యాయంతో మొదలుపెట్టిన నాకు ఆ వారం వంతుకు వచ్చింది ఆరో అధ్యాయం. అందరూ కొట్టుకున్న ఆ మూడు పేజీలది. ఆసుపత్రిలో దీపం ఎలాగూ ఉండదు, నా నియమం నేనే సడలించుకుని పుస్తకం సంచిలో పెట్టుకెళ్ళాను. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక వెయిటింగ్ హాల్లో ఇనుప కుర్చీలో కూర్చుని తెరిచాను. మొదటి వాక్యం చదివాను. మళ్ళీ అదే చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, మాటలు కావడం లేదు. ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడటం, కూర్చోవడం. మధ్యాహ్నానికి డాక్టర్ వచ్చి బాగానే జరిగిందన్నాడు. అప్పుడైనా చదవొచ్చు. చదవలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను, తర్వాత ఐసీయూ అద్దంలోంచి ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. ఏడున్నరకి ఫోన్ చూస్తే ముప్పై తొమ్మిది "అయింది"లు పడి ఉన్నాయి. నేను నలభయ్యోది రాశాను. కంచే చేను మేసింది.

ఎవరికీ చెప్పలేదు. స్వామికి తెలుసులే, ఆయన అర్థం చేసుకుంటారులే అని సరిపెట్టుకున్నాను. ఇదే మాట నాలుగో అధ్యాయం అమ్మాయి మెట్రో సంగతి బయటపడ్డప్పుడు అంటే ఒప్పుకున్నానా? లేదు.

మా ఆయన ఇంటికి వచ్చిన మూడో వారంలో, ఒక శనివారం మధ్యాహ్నం, పదిహేడో అధ్యాయం ఆవిడ మా క్వార్టర్‌కి వచ్చింది. చేతిలో బత్తాయిల సంచి. ఫోన్‌లో తప్ప మనిషిని నేను చూసింది అంతకుముందు రెండుసార్లే. సన్నగా, నూలు చీరలో, జుట్టు గట్టిగా ముడేసుకుని ఉంది. లోపలికెళ్ళి మా ఆయన్ని పలకరించింది. టీ ఇస్తే పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

"మేడమ్‌గారూ, మీ వారం నేను నా అధ్యాయం చదవలేదండీ" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ వారం?"

"సార్‌కి ఆపరేషన్ అయిన వారం. నాది ఇరవై రెండు. అది ఎవరూ చదవలేదు. నేను అయిందని రాసేశాను."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను." కప్పు కింద పెట్టింది. "నాకు తెలుగు చదవడం రాదండీ."

తర్వాత చెప్పిందంతా నేల చూస్తూనే చెప్పింది. పుట్టింది కరోల్ బాగ్‌లో. నాన్న ఏదో మంత్రిత్వ శాఖలో గుమస్తా. చదువంతా హిందీలో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు గానీ రాయడం, చదవడం ఎవరూ నేర్పలేదు. అమ్మ మాత్రం స్వామి చరిత్ర పైకి చదివేది, ప్రతి గురువారం పదిహేడో అధ్యాయమే. ఈవిడ పక్కన కూర్చుని రొట్టెల పిండి కలుపుతూ వినేది. ఇరవై ఏళ్ళు విన్నాక పదకొండు పేజీలూ నోటికి వచ్చేశాయి.

"అమ్మ ఎక్కడ పేజీ తిప్పేదో కూడా వచ్చండీ. పుస్తకం ముందు పెట్టుకుని సరిగ్గా అక్కడే తిప్పుతాను. పైనున్న పిల్లలు చూసినా ఆంటీ చదువుతున్నారనే అనుకుంటారు."

"ఆ పిల్లల్లో ఎవర్నైనా ఈ కొత్త అధ్యాయాలు చదివి పెట్టమనొచ్చు కదా!"

"ఎలా అడగను? తెలుగు ఆంటీ అనే కదా గదులు తీసుకున్నారు. మా గేటు మీద బోర్డు కూడా తెలుగులో రాయించాను." ఆ మాటకి తనే కొంచెం నవ్వి, మళ్ళీ తల దించేసుకుంది. "మీరు మార్చినప్పటినుంచి ప్రతి వారం దీపం పెట్టి పదిహేడే చెప్పి అయిందని రాస్తున్నాను. మిగతా వారాలు ఏమో గానీ, మీ వారం... సార్‌కి ఏమైనా అయితే నావల్లే అనుకున్నాను. ఇంటికొచ్చారని మీరు రాసేదాకా అన్నం సయించలేదు. నన్ను తీసెయ్యండి మేడమ్‌గారూ. చదవడం వచ్చినవాళ్ళకి ఇవ్వండి."

జాలి పడ్డానని రాస్తే బాగుంటుంది. పడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన ఛాతీ తెరిచి బల్ల మీద పడుకోబెట్టిన రోజున నేను నమ్ముకున్న నలభైలో ఒకటి ఖాళీ. లేచి నిలబడి గట్టిగానే అన్నాను.

"ఒక్క ముక్క నాకు చెప్పలేకపోయారా? చెప్తే నేను చదివేదాన్ని కదా!"

అన్నాక ఆ మాట నాకే వినబడింది. చదివేదాన్నట. మూడు పేజీలు చదవలేనిదాన్ని ఆవిడ అధ్యాయం కూడా చదివేదాన్నట. గురివింద గింజ తన నలుపు ఎరగదని చిన్నప్పటినుంచి ఎంతమందిని అన్నానో లెక్కలేదు.

ఆవిడ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకోబోయింది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. చదవడం రానందుకు ఆవిడ మన్నించమని అడుగుతోంది. చదవడం వచ్చి చదవని నేను అరుస్తున్నాను. ఆవిడని అలా పంపించేస్తే ఇక గ్రూపులో కనబడదు, ఎవరికీ కారణం చెప్పదు, నా లెక్క మాత్రం చక్కగా నలభైగానే ఉంటుంది.

"ఆగండి" అన్నాను. "ఆ రోజు నేనూ చదవలేదు."

తిరిగి చూసింది.

"ఆసుపత్రిలో కూర్చుని చదవలేకపోయాను. చదవకుండానే అయిందని రాశాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా."

లోపలి గదిలోంచి మా ఆయన దగ్గు వినిపించింది. ఆపరేషనయ్యాక ఆయనకు దగ్గడానికి కూడా దిండు అదుముకోవాలి, అయినా ఈ సందర్భంలో దగ్గకుండా ఉండలేకపోయారు. విన్నారన్నమాట.

నన్ను ఓదార్చడానికి ఆవిడ ఒక్క మాటా అనలేదు. "మీది ఏ అధ్యాయం?" అని అడిగింది.

"ఆరు."

"అయితే ఇప్పుడు చదివెయ్యండి. రెండూ. నేను వింటాను."

చదివాను. చెప్పులు వదిలేసి వచ్చి ఆవిడ నేల మీద కూర్చుంది, దీపం వెలిగించి నేనూ ఎదురుగా కూర్చున్నాను. ఆరు చదివాను. ఇరవై రెండు చదివాను. మా ఆయన మెల్లగా వచ్చి తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాను గానీ, ఎదురుగా ఒక మనిషి ఇలా వింటుంటే చదవడం నాకదే మొదటిసారి. ఆవిడ విన్నంత శ్రద్ధగా నేను ఏనాడూ చదవలేదని చెప్పడానికి నాకిప్పుడు మొహమాటం లేదు.

చదవడం అయ్యాక చెప్పాను. "వచ్చే గురువారం నుంచి ఎవరిది వాళ్ళకే. పదిహేడు మీదే."

"మరి ఇరవై తొమ్మిది గొడవ?"

"అది నేను తీసుకుంటాను. ఆ అమ్మాయికి నా ఒకటో అధ్యాయం ఇస్తాను. నేను చదవని సంగతి ఇవాళే గ్రూపులో రాస్తాను. మీ సంగతి మీది, మీరు చెబితే చెప్పండి, లేకపోతే లేదు."

తలూపింది. అప్పుడు నేను అడిగాను, పదిహేడు ఒక్కసారి వినిపించమని. మూడేళ్ళుగా గుర్తు పెట్టడమే గానీ ఆవిడ చదవడం ఎన్నడూ వినలేదు. అలవాటు పోక, పుస్తకంలో ఆ పేజీ తీసి నా ముందు పెట్టుకున్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. గొంతు మారిపోయింది. మాటల్లో హిందీ పోయింది. నేను కోస్తా మనిషిని, నాకు తెలుసు ఆ యాస, గోదావరి వైపు పాతకాలపు ఆడవాళ్ళు చదివే తీరు, వాక్యం చివర కొంచెం సాగదీసి ఆపడం. ఆవిడ ఆ నేల తొక్కింది కూడా తక్కువే. ఆ గొంతు వాళ్ళమ్మది. నేను అక్షరం వెంట అక్షరం చూసుకుంటూ వస్తున్నాను, ఒక్క పొల్లు పోలేదు. స్వామి కుమ్మరి వాకిట్లో నిలబడ్డాడు. ఇంట్లో గంజి తప్ప ఏమీ లేదు. కుమ్మరి ఇల్లాలు ఆ గంజే పోసింది. స్వామి తాగి, నీకేం కావాలో కోరుకో తల్లీ అన్నాడు.

"ఊరు కాని ఊళ్ళో ఉన్నాం స్వామీ, నా బిడ్డ ఎవరి ముందూ తల దించుకోకుండా చూడు" అని చెప్పి, ఆపకుండా, "మీరు మా గంజి తాగారు, నాకదే చాలు" అంటూ సాగిపోయింది.

నా వేలు పుస్తకం మీద ఆగిపోయింది. కోరుకో తల్లీ అన్నాక పుస్తకంలో ఉన్నది ఒకటే జవాబు, నాకదే చాలు అని. ముందున్న మాట ఎక్కడా లేదు. పై పేజీ చూశాను, కింది పేజీ చూశాను. ఆ కుమ్మరి తాతల నాటి నుంచి అదే ఊళ్ళో ఉన్నాడు. వాళ్ళకి ఊరు కాని ఊరేమిటి?

చివరిదాకా ఆపలేదు. అయ్యాక, ఆవిడ కళ్ళు తెరిచాక అడిగాను. "ఊరు కాని ఊళ్ళో అన్న మాట ఎవరంటారండీ?"

"కుమ్మరి భార్య కదా, స్వామితో."

"అది పుస్తకంలో లేదు."

పుస్తకం ఆవిడ ముందుకి తిప్పి, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, ముందుదీ తర్వాతదీ మెల్లగా చదివి చూపించాను. ఆవిడకి ఆ అక్షరాలు తెలియవు. అయినా వంగి, రెండు వరసల మధ్య ఉన్న ఆ సన్నటి ఖాళీని చాలాసేపు చూసింది.

"అమ్మ కలిపింది" అంది చివరికి. "ప్రతి గురువారం... నా ముందే... నేను కథలో మాటనుకున్నాను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. గంట క్రితం ఆ బిడ్డ నా ముందు కూర్చుని ఎంతసేపు తల దించుకుందో నాకు కళ్ళకు కట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, నియమాలు రాసినదాన్ని నేనే కాబట్టి, నన్నే అడిగింది. "వచ్చే గురువారం ఆ మాట అనొచ్చా మేడమ్‌గారూ, వదిలెయ్యాలా?"

"అనండి" అన్నాను. "గట్టిగా అనండి."